మోకాలు మడిచిన నాచు

అత్తగారు గిన్నె తోమేశారు. అందులో నానుతున్నది కోడలు అడవిలో కుళ్లిన దుంగ మీద నుంచి ఒలిచి తెచ్చిన నాచు అనీ, ఎండి ముడుచుకున్నది తడిసి విచ్చుకుంటే తప్ప దాని జాతి తేలదనీ ఎన్నిసార్లు చెప్పినా, "ఇంట్లో పాచి పెంచుతోందంటే నలుగురూ నవ్వరూ?" అని శాస్త్రాన్ని తూములోకి సాగనంపారు.

కోడలు పళ్లు బిగబట్టి, పొట్లంలో మిగిలిన చిటికెడూ మళ్లీ నానబెట్టింది. వెంట్రుకంత కాడ నిటారుగా ఉంటే అది సర్వసాధారణమైన రకం. నడుమ మోకాలు మడిచినట్టు వంగితే ఆ అడవిలో ఇంతవరకూ ఎవరూ చూడని రకం. సూక్ష్మదర్శిని కింద కాడ వంగే ఉంది. ఆ సంగతి వృక్షశాస్త్ర విభాగాధిపతీ, సమస్త నాచు సామ్రాజ్యానికి ఏకచ్ఛత్రాధిపతీ, పెళ్లయిన నాటి నుంచీ ఆమె కళ్లతోనే పరిశోధిస్తున్నవారూ అయిన భర్తకు విన్నవించుకుంది. ఏలినవారు కుర్చీలోంచి లేవకుండానే తీర్పిచ్చారు.

"గిన్నెలు తోమే చేత్తో పట్టుకుంటే కాడ వంగక ఏం చేస్తుంది?"

ఆమె చదువు ఆయన చదువే. పట్టా కూడా అదే. అయినా ఆమె చేతులకు గిన్నెలు తోమే బిరుదు శాశ్వతం. ఆదివారం ఇంటెడు చాకిరీ ముగించి ఒంటరిగా అడవికి పోయింది. బురదలో బోర్లా పడుకుని, ఎవరి చెయ్యీ సోకని నాచు మీద భూతద్దం పెట్టింది. కాడలన్నీ వంగే ఉన్నాయి. ఫొటోలు చూపిస్తే ఆయన, "నేను అనుకుంటూనే ఉన్నాను" అన్నారు.

విభాగం జరిపిన సదస్సులో తెర మీద ఆ ఫొటోలు వెలిగాయి. కింద, గుర్తించినవారుగా ఆయన పేరొక్కటే. మొగుడూ పెళ్లాల మధ్య వాటాలేమిటని పొద్దున్నే నవ్వేశారు. ఆమెకు దయచేసిన శాఖ, అతిథులకు కాఫీలు. ఆమె ట్రే పట్టుకుని వరసల మధ్య తిరిగింది. బురదలో పడుకున్న ఒళ్లు తనది, చూసిన కన్ను తనది, చప్పట్లు మాత్రం ఆయనవి.

ముందు వరుసలోంచి ఒక పండితురాలు లేచి, ఆ దుంగను తామూ చూడాలనుకుంటున్నామనీ, దారి చెప్పమనీ అడిగింది. ఏకచ్ఛత్రాధిపతి గొంతు సవరించుకుని భార్య వైపు చూశారు. ఇటువంటి వేళల్లో ఆమె ఆయన చెవిలో అందించడం, అది ఆయన నోట జ్ఞానమై వెలువడడం ఆ సంసారపు సనాతన ధర్మం.

ఆమె ఖాళీ కప్పులు ట్రేలో పేర్చుకుంటూ పోయింది.

"చెప్పవోయ్," అన్నారాయన నెమ్మదిగా.

ఆమె ట్రేను తీసుకెళ్లి ఆయన ఉపన్యాసపు కాగితాల మీద పెట్టింది.

"నేను తీసుకెళ్తానండీ," అంది పండితురాలితో. "ఆ నాచును గుర్తించింది నేను. ఈయన ఇంతవరకూ ఆ దుంగ మొహమే చూడలేదు."