ఆరింటికి ఇంటికొచ్చే నాన్నలు

ఆర్మూర్‌లో ఎటు చూసినా పసుపు ఎండుతున్న రోజులవి. హైస్కూల్లో ఉమారాణి టీచర్ పదో తరగతి ఇంగ్లీషు పేపర్లు చకచకా దిద్దేస్తోంది. ‘మా నాన్న’ వ్యాసంలో పిల్లలందరి నాన్నలూ సాయంత్రం ఆరింటికి ఆఫీసు నుంచి వస్తున్నారు, పండ్లు తెస్తున్నారు, పక్కన కూర్చుని లెక్కలు చెబుతున్నారు. గైడులోని నాన్న అలాంటివాడు మరి. తరగతిలో సగం మంది తండ్రులు గల్ఫ్‌లో ఉన్నారని పాపం గైడుకు తెలియదు. తెలిసిన టీచర్ కూడా ఎనిమిదీ తొమ్మిదీ వేసుకుంటూ పోయింది.

భూమికకు పదికి తొమ్మిది వచ్చాయి. మొన్నటి పరీక్షలో ఇదే వ్యాసానికి రెండే. ఉమారాణి పిలిచి మెచ్చుకుంది.

“మస్తు రాసినవ్ భూమికా. ఫోటో తీసి మీ బాపుకు పంపు, సంబురపడ్తడు.”

“పంప మేడం. గీ వ్యాసంల ఉన్న మనిషి మా బాపు గాదు.”

భూమిక నేలచూపులు చూస్తూ చెప్పుకొచ్చింది.

“మా బాపు నేను ఆరో తరగతిల ఉన్నప్పుడే దుబాయ్ పోయిండు. నా గురించి ఇంగ్లీషుల రాసి పంపు బిడ్డా, రూముల అందరికి సూపిస్త అంటడు. మొన్నటి పరీక్షల గదే రాసిన. మా పసుపు ఎండిందో లేదో బాపు ఫోన్లనే సూస్తడు. నేను ఫోన్ కాడ కొమ్ము ఇరుస్త. సప్పుడు ఇని, ఇంక రెండు ఎండలు తగలాలె అంటడు. అయినా ఫోన్ పెట్టడు. ఇంకోటి ఇరువు బిడ్డా అంటడు. గంతే మేడం. రెండు మార్కులొచ్చినయని సింపేసిన.”

ఉమారాణికి ఆ పేపరు గుర్తొచ్చింది. గైడులోని పాయింటు ఒక్కటీ కనబడలేదని దాన్ని సరిగ్గా చదవకుండానే రెండు మార్కులేసి పక్కన పడేసింది తనే. తానూ వేల్పూర్ పసుపు చేలలో పెరిగిన మనిషే. చదువుకున్నన్నాళ్లూ తన తండ్రి గురించి ఒక్క వాక్యం రాయలేదు. రాయాలని ఎంతో ఉండేది. ఇప్పుడాయన లేడు.

“మళ్ల రాస్తవా బిడ్డా?”

“తప్పులొస్తయ్ మేడం.”

“రానీ, నేను దిద్దుత. మీ బాపును మాత్రం నువ్వే రాయాలె.”

భూమిక అక్కడే కూర్చుని రాసింది. ఆ సాయంత్రం దాని ఫోటో దుబాయ్ చేరింది. తండ్రి దాన్ని గదిలో అందరికీ చూపించి చదివించుకున్నాడట.

మర్నాడు ఉమారాణి పేపర్లన్నీ పిల్లలకు తిరిగి ఇచ్చేసింది.

“మళ్ల రాయుండ్రి, మీ నాయినలు ఎట్లుంటే అట్లనే. తప్పు నాదే. అబద్ధానికి తొమ్మిది, నిజానికి రెండు ఏసుకుంట పోతే, మీరు నేర్సుకునేది ఇంగ్లీషు గాదు, మీ ఇంటోళ్లను దాసుకునుడు.”