రెండో నంబరు మీద ఎర్రదీపం

బుడే సాయిబు ఇనప కడ్డీ ఒక కొనను రెండో నంబరు కంప్రెసర్ బేరింగుకి ఆనించి, ఇంకో కొనను చెవి వెనక ఎముకకి అదిమి, కళ్లు మూసుకుని లోపలి చప్పుడు విన్నాడు. రోజుకి మూడుసార్లు, ఇరవై ఏడేళ్లుగా ఇదే పని. ప్రత్తిపాడు రోడ్డులో ఉన్న ఆ కోల్డ్ స్టోరేజీలో రైతులు టిక్కీలని పిలుచుకునే మిర్చి బస్తాలు వేసంగి దాటి రంగు పోకుండా ఉంటున్నాయంటే, ఈ గదిలోని మూడు కంప్రెసర్లు ఆగకుండా తిరగబట్టే.

బేరింగు మీద సోడా మూతంత నల్ల డబ్బీ ఒకటి అతుక్కుని ఉంది. దాని వైరు గోడ వెంట పాకి ఆఫీసు గదిలోని కంప్యూటర్లోకి పోతుంది. ఆరు నెలల క్రితం, 2006 చివర్లో, హైదరాబాదు కంపెనీవాళ్లు వచ్చి బిగించారు. ఆ రోజు ఓనరు అంకమ్మరావు కూలీలందరినీ నిలబెట్టి గర్వంగా చెప్పాడు.

"ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ అంటార్రా దీన్ని! మిషను బాగున్నప్పుడు ఎట్టా ఉంటదో ఆర్నెల్లు చూసి నేర్చుకుంటది. ఆ పైన చెడిపోబోయే ముందే చెప్పుద్ది."

చెడిపోబోయే ముందే చెప్పేవాడొకడు ఇక్కడే జీతం తీసుకుంటున్నాడన్న సంగతి ఆయనకి గుర్తు రాలేదు.

బుడే సాయిబుకి మొదటినుంచీ ఆ డబ్బీ అంటే గిట్టదు. మిషన్ని చూడటానికి పెట్టిందైతే సరిగ్గా తన స్టూలుకి ఎదురుగా ఎందుకు పెట్టారు? అది చప్పుళ్లన్నీ వింటుందని ఎవరో చెప్పారు. అప్పట్నుంచి కంప్రెసర్‌తో మాట్లాడటం మానేశాడు. అంతకుముందు "ఏమే ముసల్దానా, పొద్దున్నే ఏంటా మూలుగుడు?" అని తిట్టందే నూనె పోసేవాడు కాదు. ఇప్పుడు నోరు కట్టుకుని పోస్తున్నాడు.

కడ్డీ దించి ఎడమ భుజం నొక్కుకున్నాడు. నాలుగు రోజులుగా అక్కడ పోటు. గుంటూరు పోయి చూపించుకోమని భార్య నసీమున్నీసా ఆ ఉదయం కూడా క్యారేజీ సర్దుతూ పోరింది. "నా సంగతి నాకు తెలవదా?" అని సైకిలెక్కి వచ్చేశాడు.

ఆ శుక్రవారం పదకొండింటికి ఓనరు పిలిచాడు. కంప్యూటర్ ముందు శ్రీరమ్య కూర్చుని ఉంది. కంపెనీ పంపిన ఇంజనీరు పిల్ల. తెర మీద ఆకుపచ్చ గీత సాఫీగా పోతూ, సమానమైన దూరాల్లో గుంటలు పడుతోంది.

"ఏం సాయిబూ, ప్రతి శుక్రవారం ఒంటిగంటకి రెండో నంబరు సగానికి పడిపోతందంట, రెండున్నరకి మళ్లీ లేస్తందంట. ఏందిది?"

"నమాజుకి పోతానండి."

"నువ్వు నమాజుకి పోతే మిషనెందుకు తగ్గుద్ది? పక్క మిల్లుకేమన్నా కరెంటు లాగిస్తన్నావా?"

బుడే సాయిబు ముఖం నల్లబడింది. ఇన్నేళ్లలో ఒక్క బోల్టు ఇంటికి పట్టుకెళ్లినవాడు కాదు. ఆ డబ్బీ ఎవరిని చూడటానికి పెట్టిందో ఇప్పుడు తేలిపోయింది. జవాబిస్తే దొంగ అన్నమాటకి సంజాయిషీ ఇచ్చుకున్నట్టవుతుందని ఊరుకున్నాడు.

"ఇవాళ్టినుంచి ఆ లోడు మీద చెయ్యేశావంటే రేపు పన్లోకి రావద్దు. అంతా కంప్యూటర్ చూసుకుంటది," అన్నాడు అంకమ్మరావు.

శ్రీరమ్య వెనకాలే మిషను గదికి వచ్చింది. "ఎందుకు తగ్గిస్తున్నారో నాకు చెప్పండి. ఆయనకి నేను చెప్తాను."

అతను డబ్బీ వైపు అనుమానంగా చూసి, ఆ పిల్లను గుమ్మం బయటికి తీసుకుపోయి గొంతు తగ్గించాడు.

"ఆ బేరింగు పాతదమ్మా. లోపలెక్కడో చిన్న దెబ్బుంది, నాకే వినబడుద్ది. నేను పక్కనుంటే నిండు బరువు మోయిస్తా. నేను లేనప్పుడు సగం చాలు. వినేవాడు లేకండా దాన్ని నమ్మను."

"ఈ మాట ముందే చెప్పొచ్చుగా?"

"నన్నడిగిందెవరు?"

శ్రీరమ్య గుమ్మంలోంచి డబ్బీ వైపు చూసింది. "అయితే అది మిమ్మల్ని కూడా నేర్చేసుకుందండీ. శుక్రవారం మీరు తగ్గించి, తిరిగొచ్చి పెంచితేనే మిషను ఆరోగ్యంగా ఉన్నట్టు దానికి."

"మిషన్లో నన్ను కూడా కలిపేసిందా?" ఆరు నెలల్లో మొదటిసారి ఆ డబ్బీని చూసి నవ్వాడు. అంతలోనే నవ్వు ఆపేశాడు. ఆ పిల్ల చెబితే మటుకు అంకమ్మరావు నమ్ముతాడా?

ఒంటిగంటకి చేతులు కడుక్కుని టోపీ పెట్టుకున్నాడు. లోడు పిడి ముందు నిలబడ్డాడు. తగ్గిస్తే ఉద్యోగం పోతుంది. తగ్గించకపోతే నమాజులో మనసంతా బేరింగు మీదే ఉంటుంది. పిడి పట్టుకుని సగానికి దించాడు. కడ్డీని స్టూలుకి ఆనించాడు.

"నేనొచ్చిందాకా ఒళ్లు దగ్గర పెట్టుకో ముసల్దానా," అన్నాడు, డబ్బీ వింటే విననీ అన్నట్టు గట్టిగానే.

రెండున్నర దాటింది. తెర మీద ఆకుపచ్చ గీత పసుపుకి మారింది. మూడు కావస్తుండగా ఎర్రదీపం వెలిగింది. రెండో నంబరులో తేడా ఉంది, వెంటనే చూడమని కింద అక్షరాలు. శ్రీరమ్య పరుగెత్తింది, వెనకాలే అంకమ్మరావు.

కంప్రెసర్ మెత్తగా తిరుగుతోంది. నూనె సరిగానే ఉంది, వేడి సరిగానే ఉంది.

"బాగున్న మిషన్ని పట్టుకుని చెడిందంటదేంటమ్మా?" అని విసుక్కుంటూ అంకమ్మరావు పిడి చూశాడు. "వద్దన్నా తగ్గించి పోయాడు! రానీ, ఇయ్యాల వాడి సంగతి చెప్తా."

శ్రీరమ్య కూడా పిడి వంకే చూస్తోంది. అది ఇంకా సగంలోనే ఉంది. "మిషను బాగానే ఉందండీ," అంది. "ఈపాటికి ఆయన వచ్చి పెంచాలి. రాలేదు."

గేటు దగ్గర సైకిలు చప్పుడైంది. సైకిలు బుడే సాయిబుదే. నడిపించుకొస్తున్నది అతని పక్క వరసలో నమాజు చేసే జాన్ బాషా.

"నమాజయ్యాక మసీదు అరుగు మీద కూర్చుని చెప్పులు తొడుక్కుంటా, అట్నే గోడకి ఒరిగిపోయాడండి," అన్నాడు జాన్ బాషా. "ఒక చెప్పే తొడుక్కున్నాడు."

శ్రీరమ్య ఏడ్చేసింది. పొద్దున అన్న మాట వెనక్కి తీసుకోవడానికి అంకమ్మరావుకి ఎదుట మనిషి లేడు. ఆయన చెయ్యి పిడి మీదకి వెళ్లి, దాన్ని పెంచలేక వెనక్కి వచ్చింది.

స్టూలుకి ఆనించిన ఇనప కడ్డీ కంప్రెసర్ అదురుకి సన్నగా వణుకుతోంది. బేరింగుకి ఆనే కొన నూనె పట్టి నల్లగా ఉంది, చెవికి ఆనే కొన అరిగి నున్నగా మెరుస్తోంది.