నది రాని చోట

కంప్రెసరు గొట్టం బిగించాలి. పైపులకు గ్రీజు పూయాలి. పైపు దిగిన ప్రతిసారీ పైకెగిరే రాతిపొడిని తట్టలో పట్టి వరుసగా కుప్పలు పోయాలి. సిద్దిపేటలో హరికిషన్ బోరుబండి మీద పదకొండేళ్లుగా కాశయ్య పని ఇదే.

ఆ రోజు దుబ్బాక రోడ్డులో, హరికిషన్ పెట్రోలు బంకు వెనకున్న అతని ప్లాట్లలోనే బోరు వేస్తున్నారు. ఆరో పైపు దిగేసరికి నీళ్ల మీద జిడ్డు తేలింది. అంతే, చమురు పడిందంటూ చదువుకున్నవాళ్లూ చదువుకోనివాళ్లూ సెల్‌ఫోన్లతో ఎగబడ్డారు. సర్పంచి ఎన్నికల్లో ఓడిపోయిన పెద్దమనిషి ఆ జిడ్డును వేలితో తీసి బొట్టు పెట్టుకున్నాడు. తెల్ల చొక్కా హరికిషన్ మధ్యాహ్నానికల్లా ప్లాట్ల ధర పెంచేశాడు.

కాశయ్య పొడిని వేళ్ల మధ్య నలిపాడు. అంతకుముందు కోనసీమ చమురు బావుల దగ్గర తొమ్మిదేళ్లు నలిపిన వేళ్లవి. నదిలో దొర్లిన ఇసుక గింజ నున్నగా జారుతుంది. ఇది గుచ్చుకుంది.

చమురు బావుల్లో పనిచేసినవాడు చెబితే జనం నమ్ముతారు కాబట్టి, ఇది చమురేనని ఫోన్ల ముందు ఒక్క మాట చెప్పమన్నాడు హరికిషన్. కాశయ్య నోరు తెరిచేలోపు గోడ అవతలి గుడిసెలోంచి ఎల్లవ్వ బిందెతో వచ్చింది.

"కాశన్నా, వారం సంది మా బోరింగు నీళ్లు గిదే వాసనొస్తున్నయ్. తాగొచ్చునా?"

అదృష్టం తలుపు తట్టిందని ఎవరో ఆమెను ఆటపట్టించారు. కాశయ్య నవ్వలేదు. అడ్డాలో నిలబడి మళ్లీ కూలి వెతుక్కునే వయసు దాటిపోయిందని అతనికి తెలుసు.

"తాగకు ఎల్లవ్వా," అన్నాడు. హరికిషన్ వైపు తిరిగాడు. "చమురు యాడంటే ఆడ ఉండది సేటు. కోట్ల ఏండ్ల కింద నది పారి ఇసుక పొయ్యాలె, దాని మీద బంకమట్టి మూతేసినట్టు పరుసుకోవాలె. అప్పుడు గా ఇసుక సందులల్ల ఆగుతది. గీడ మొత్తం గట్టి రాయి. గిది నీ బంకు టాంకిల కెల్లి కారిన డీజిలు."

"నువ్వేమన్న సైంటిస్టువా?" అన్నాడు బొట్టు పెద్దమనిషి.

"కాదు. గా సైంటిస్టుల సంచులు మోసినోన్ని."

ఫోన్లు ఒక్కొక్కటీ జేబుల్లోకి వెళ్లాయి. ఎల్లవ్వ ఏం తాగుతుందన్నది ఆ గుంపులో ఒక్కరికీ పట్టలేదు. రేపటి నుంచి పనికి రావద్దని హరికిషన్ మెల్లగానే చెప్పాడు. అతని చొక్కాకు మరక కూడా అంటలేదు.

కాశయ్య గోడ దాటి వెళ్లి, తలకు చుట్టుకున్న ఎర్ర రుమాలు విప్పి, ఆ నీళ్లు ఎవరూ తాగొద్దని గుర్తుగా బోరింగు పిడికి రెండు ముళ్లు వేశాడు. ఉత్త తలతో దుబ్బాక బస్సెక్కాడు. మళ్లీ ఆ పక్కకు రాలేదు.

ఆ దారిన వెళ్తే అతన్ని ఒక్కసారి తలుచుకోండి. ఎండకు రంగు వెలిసినా, ఆ రుమాలు ఇంకా బోరింగు పిడికే ఉంది.