ఏడో గొట్టం

ముందే ఒప్పుకుంటాను. డిప్పు బాబాయ్ పని ఎగ్గొడుతున్నాడని పైవాళ్లకి మెయిలు పెట్టింది నేనే. మూసేసిన పెట్రోలు బంకు ఆవరణలో, ఏడో గొట్టం పక్కన బోర్లించిన బకెట్ మీద అరగంట ఊరికే కూర్చునేవాడు మరి. నాకేమో ఇంజనీరింగ్ డిగ్రీ, కొత్త ఉద్యోగం, అందరినీ అనుమానించే ఉత్సాహం.

ఆ రోజూ అలాగే కూర్చున్నాడు. మోకాళ్ల దగ్గర తెల్లబడిన ఖాకీ ప్యాంటు, చెవి మీద పెన్సిలు. నేలలోకి దింపిన ఆ గొట్టం అరచేతి వెడల్పే గానీ లోతు మూడు నిలువులు. అందులో నిలవ నీరంతా తోడి డ్రమ్ములో పోశాడు. కొత్త నీరు ఊరి తేరుకునేదాకా కదలడు. తర్వాత స్టీలు టేపు మీద వేలితో లేత గులాబి ముద్ద పూశాడు. పెట్రోలు తగిలితే అది ఎర్రబడుతుంది. టేపు దించాడు, తీశాడు, ఎండకి పట్టి చూశాడు. ఎరుపు లేదు. వరసగా ఇది మూడోసారి.

గోడ అవతల కుట్టు మిషను ఆగింది. దర్జీ అక్క తల పైకి లేచింది.

"ఏం బాబాయ్, మా బావి తెరవొచ్చా? నాలుగేళ్ల నుంచి ట్యాంకరు వెనక బిందెలేసుకుని పరిగెడుతున్నా."

"ఇంకొన్నాళ్లు ఆగమ్మా."

"ఎప్పుడడిగినా అదే మాట! నువ్వు లేచేలోపు ఆ బకెట్టుకి వేళ్లు మొలుస్తాయి చూడు."

నవ్వాడు గానీ ఆమె వైపు చూడలేదు. ఇదే బంకులో ఇరవై రెండేళ్లు పనిచేశాడు. పొద్దున్నే భూమిలోని ట్యాంకులోకి కడ్డీ దించి మట్టం కొలవడం, అంటే డిప్పు చూడడం, ఆయన పని. ఆ పేరూ అలా వచ్చిందే. ఒక ఏడాది రోజూ అర అంగుళం తక్కువొచ్చింది. చెప్పాడు. "ఎండకి ఆవిరవుతుందిలే" అన్నాడు మేనేజరు. మర్నాటి నుంచి ఆ అర అంగుళం తనే కలిపి రాశాడు. ఆ పెట్రోలు భూమిలోకి కారి కారి చివరికి దర్జీ అక్క బావిలో తేలింది.

మధ్యాహ్నం రేకుల షెడ్డులో ఆయన ముందు, నేల శుభ్రపడిందని రాసిన కాగితం పెట్టాను. మట్టి తవ్వి లారీలకెత్తితే అక్క ఇంటి గోడ కూలుతుంది. నేలలోని సూక్ష్మజీవులకి ఎరువూ గాలీ అందించి పెట్రోలు తినిపిద్దామంటే, వాటి భోజనం ఏళ్ల తరబడి సాగుతుంది. అందుకే మట్టిలోంచి పెట్రోలు ఆవిరిని పీల్చే యంత్రం పెట్టాం. ఇప్పుడు దాన్ని ఎత్తేయమని పైవాళ్ల తొందర.

"సున్నా వచ్చింది కదా బాబాయ్, సంతకం పెట్టేయండి."

"నీళ్లెక్కడున్నాయో చూశావా అమ్మా?"

"పైకొచ్చాయి. వానలు కదా."

"మరి పెట్రోలు? నీళ్లు పైకొచ్చేసరికి అది కింద మట్టిలో చిక్కుకుపోయింది. నీళ్లు దిగనీ, మళ్లీ తేలుతుంది."

ఈ ముక్కే పరీక్షలో రాసి బోలెడు మార్కులు తెచ్చుకున్నాను. గొట్టం పక్కన మాత్రం గుర్తురాలేదు.

"ఎండల్లో చూసి పెడతాను. లేని అంకె ఒకసారి రాశాను, చాలు."

కాగితం వెనక్కి తీసుకున్నాను. పైవాళ్లు ఫోన్లో నా దుమ్ము దులిపారు. సాయంత్రం ఆయన టేపు తుడిచి మేకుకి తగిలించాడు. "ముద్ద డబ్బా మూత గట్టిగా పెట్టమ్మా, ఎండిపోతుంది" అని చెప్పి చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

ఆదివారం నిద్రలోనే పోయాడట. వాళ్ల కోడలు ఫోన్ చేసి, "మావయ్య బూట్లు అక్కడే ఉన్నాయా అండీ?" అని అడిగింది. ఉన్నాయి.

ఎండలకి నీళ్లు ఐదడుగులు దిగాయి. బకెట్ మీద కూర్చుని అరగంట ఆగి టేపు దించాను. జానెడు ఎరుపు. దర్జీ అక్క గోడ మీంచి చూసింది. ఎగతాళి చేయలేదు.

"ఇంకొన్నాళ్లా?"

"ఇంకొన్నాళ్లు అక్కా."

యంత్రం ఇంకా తిరుగుతోంది. ఇది రెండో ఎండాకాలం, ఎరుపు గోరంతకి దిగింది. సంతకం చోటు ఖాళీగానే ఉంచాను. మీరూ ఎవరినైనా పనిదొంగ అనుకుని తర్వాత నాలుక కరుచుకుని ఉంటే, నాకు రాయండి, తోడుంటుంది. బకెట్ ఏడో గొట్టం పక్కనే బోర్లా ఉంది. ఇన్నేళ్లూ ఏమీ మొలవని ఆ మట్టిలో, దాని అంచు చుట్టూ సన్నగా గడ్డి వచ్చింది.