నాలుక కింద గుండీ

ఆ ఇంట్లో ప్రతి ఉదయం ఏడు గంటలకు ఒక లీటరు సీసా నిండా నీళ్ళు పట్టేవారు. సాయంత్రం ఆరున్నరకు అదే సీసా, దాదాపు అంతే నిండుగా, తిరిగి ఇంటికి వచ్చేది. మధ్యలో అది కుట్టుమిషను కాలి పక్కన నిలబడి ఉండేది. దాన్ని మోసుకెళ్ళి మోసుకొచ్చే తల్లి ఒక కర్మాగారంలో చొక్కాలకు కాలర్లు కుడుతుంది. మిగిలిన నీళ్ళను కూతురు కిటికీలోని కుండీకి పోసేది. ఆ మొక్క మాత్రం ఏపుగా పెరిగింది.

"పొద్దుట్నుంచి ఒక్క గుక్కేనా అమ్మా?" అని కూతురు అడిగితే, "నాకు దాహమే వెయ్యదే, అలవాటైపోయింది" అనేది తల్లి. ఆ మాటలో కాస్త గర్వం కూడా ఉండేది. ఇరుగుపొరుగువారు ఆమె ఓర్పును తమ పిల్లలకు కథలా చెప్పేవారు.

ఆ ఓర్పు ఎక్కడి నుంచి వచ్చిందో వాళ్ళెవరూ అడగలేదు. నేను చెబుతాను వినండి. ఆ హాలులో నూట ఇరవైమంది ఆడవాళ్ళు మిషన్లు తొక్కుతారు. మరుగుదొడ్డికి తాళం ఉంటుంది. తాళంచెవి సూపర్‌వైజరు బల్ల పక్కన మేకుకు వేలాడుతుంది. అడిగి తీసుకోవాలి. తీసుకున్నవారి పేరు, పట్టిన నిమిషాలు గోడమీది పలకపై రాస్తారు. వారం చివర ఆ పలకను అందరి ముందూ పైకి చదువుతారు. మొదటి నెలలోనే ఒకసారి తన పేరు అలా విన్న ఈ తల్లి, అసలే నోట్లో నాలుక లేని మనిషి, ఇక తాళంచెవి అడగకుండా బతకడం నేర్చుకుంది. నీళ్ళు తాగితేనే కదా అడగాల్సింది! నోరు మరీ పిడచకట్టుకుపోతే ఒక చొక్కా గుండీ తీసి నాలుక కింద పెట్టుకునేది. నోట్లో కాస్త తడి ఊరేది. హాలులో సగంమంది నోళ్ళలో గుండీలున్నాయి.

పన్నెండేళ్ళు అలా గడిచాక ఆమెకు నడుంనొప్పి, చలిజ్వరం మొదలయ్యాయి. ఒకనాడు మూత్రంలో రక్తం కనబడింది. ఒక మూత్రపిండం చెడిపోయిందనీ, రెండోదాన్నయినా కాపాడుకోవాలంటే రోజుకు మూడు లీటర్ల నీళ్ళు తాగాలనీ డాక్టరు చెప్పాడు. "ఆయనకేం, చెప్పడం తేలికే. తాళంచెవి ఆయన దగ్గర లేదుగా" అని నవ్వేసింది తల్లి. కూతురికి మాత్రం నవ్వు రాలేదు.

ఆ అమ్మాయికి ఇరవై ఏళ్ళు. ఒక నది పుట్టినచోటు నుంచి సముద్రంలో కలిసేదాకా నాలుగు నెలలు నడిచి, దారి పొడుగునా నీటి నమూనాలు తీసే బృందానికి యువతీయువకులు కావాలన్న ప్రకటన ఆమె కంటపడింది. ఎంపిక శిబిరానికి నలభైమందిని పిలుస్తారు. ఎనిమిదిమందిని తీసుకుంటారు. ఆ ఎనిమిదిమందికీ నడక ముగిశాక నీటి పరీక్షల శాఖలో ఉద్యోగం ఖాయం. ప్రకటన చదివిన రోజే ఆమె తల్లి చేయి పట్టుకుని, "ఈ సీటు నాకొచ్చిందంటే నువ్వు ఆ మిషను ముఖం మళ్ళీ చూడక్కర్లేదు" అంది. రెండో మూత్రపిండం ఎన్నాళ్ళు ఆగుతుందో తెలియని ఇంట్లో ఆ సీటు ఒక్కటే ఆశ.

శిబిరం బోడికొండల మధ్య, గుడారాల్లో. దాన్ని నడిపే కెప్టెన్ మంచి మనిషే. పదేళ్ళ కిందట జరిగిన మొదటి శిబిరంలో పిల్లలు తాగేనీళ్ళతో తలలు రుద్దుకోవడం చూసి ఆయనకు ఒళ్ళు మండింది. అప్పుడే ఒక నియమం రాశాడు. ఉదయం ఒక్కొక్కరికీ గీతలు పెట్టిన మూడు లీటర్ల సీసా ఇస్తారు. సాయంత్రం స్టోరు చూసే పెద్దాయన ఒక్కో సీసానూ దీపానికి ఎదురుగా ఎత్తి, మిగిలిన నీళ్ళు ఏ గీత దగ్గరున్నాయో చదువుతాడు. ఎన్ని గీతల నీళ్ళు మిగిలితే అన్ని మార్కులు. కనీసం ఇన్ని తాగి తీరాలని ఆ నియమంలో ఎక్కడా లేదు. అదికూడా రాయాలా అనుకున్నాడు కెప్టెన్.

మొదటి సాయంత్రమే మన అమ్మాయి సీసా చూసి పెద్దాయన కళ్ళజోడు సర్దుకున్నాడు. ఒక్క గీత తగ్గింది, అంతే. "మీరంతా చూడండి, పొదుపంటే ఇదీ!" అని కెప్టెన్ చప్పట్లు కొట్టించాడు. అందరూ ఆమెకు 'ఒంటె' అని పేరు పెట్టేశారు. ఒంటె ఆ రాత్రి గర్వంగా నిద్రపోయింది. జీవితంలో మొట్టమొదటిసారి తన ఇంటి పద్ధతి ఒకచోట మొదటి ర్యాంకు తెచ్చిపెట్టింది.

ఆమె గుడారంలోనే మరో అమ్మాయి ఉండేది, బస్సు కండక్టరు కూతురు. నిద్రలో కూడా మాట్లాడే రకం గనక అందరూ 'వసపిట్ట' అనేవాళ్ళు. కొండెక్కడంలో చురుకు, మ్యాపు చూడటంలో దిట్ట. నీళ్ళ దగ్గరే దెబ్బతినేది. మాట్లాడేవాళ్ళకు గొంతు ఎండదూ మరి! అయిదోరోజు మార్కుల పట్టికలో ఆమె పదకొండో స్థానంలో ఉంది.

"ఒంటే, నీకు దణ్ణం పెడతా. ఆ కిటుకేదో నాకూ చెప్పవే" అంది వసపిట్ట.

"కిటుకేముంది? మాట్లాడకు. పెదాలు తడుపుకో, మింగకు. పొద్దున ఒక్కసారి వెళ్ళొచ్చాక మళ్ళీ చెట్లచాటుకి వెళ్ళే పని పెట్టుకోకు."

"మాట్లాడకుండానా! దానికన్నా ఇంటికి పోవడం నయం."

ఒంటె నవ్వి, సంచిలోంచి ఒక తెల్లటి చొక్కా గుండీ తీసింది. "ఇది నాలిక కింద పెట్టుకో. మా అమ్మ పన్నెండేళ్ళుగా దీంతోనే లాక్కొస్తోంది."

ఆమె మనసులో ఏ కల్మషమూ లేదు. ఇంట్లో ఉన్న గొప్ప విద్యను ఇష్టమైన స్నేహితురాలికి నేర్పాననే అనుకుంది. ఆ విద్య తన తల్లిని ఏం చేసిందో తెలిసి కూడా, తెలిసినదాన్నీ చేస్తున్నదాన్నీ కలిపి చూసుకోలేదు. మనలో ఎంతమంది చూసుకుంటాం చెప్పండి?

ఆ సాయంత్రం వసపిట్ట సీసా కూడా నిండుగా తిరిగివచ్చింది. చప్పట్లు ఇద్దరికీ పడ్డాయి. పట్టికలో ఆమె ఎనిమిదో స్థానానికి ఎగబాకింది.

ఏడోరోజు పధ్నాలుగు కిలోమీటర్ల ఎక్కుడు. ఎనిమిదేసిమంది చొప్పున జట్లు. ఆకాశంలో మబ్బుతునక లేదు, దారిలో గడ్డిపోచ నీడ లేదు. ఒంటె, వసపిట్ట ఒకే జట్టు. పదకొండు గంటలకల్లా వసపిట్ట మాటలు ఆగిపోయాయి. గుండీ పనిచేస్తోందని ఒంటె సంతోషించింది. పన్నెండింటికి వసపిట్ట అడుగులు తడబడ్డాయి. "బస్సెక్కడ ఆగుతుంది?" అంది. ఒంటె వెనక్కి తిరిగి చూసింది. స్నేహితురాలి ముఖం ఎర్రగా కమిలి ఉంది. నుదుటి మీద చెమటచుక్క లేదు.

"ఇంకాస్తే. ఆ మలుపు దాకా ఓర్చుకో" అంది ఒంటె. ఆ మాట ఆమెను జీవితాంతం వదలదు.

మలుపు రాకముందే వసపిట్ట నిలుచున్నచోటే కూలిపోయింది. పక్కకు తిప్పగానే నోట్లోంచి గుండీ జారి రాయి మీద పడింది. ఒళ్ళు పెనంలా కాలుతోంది. భుజానికి వేలాడుతున్న సీసాలో నీళ్ళు తొణుకుతున్నాయి.

జట్టంతా చుట్టూ మూగారు. అందరి భుజాల మీదా నిండు సీసాలే. అయినా ఒక్క క్షణం, సరిగ్గా ఒక్క క్షణం, ఎవరి చేయీ ఎవరి మూత మీదకూ వెళ్ళలేదు. అందరి కళ్ళూ తమ సీసా మీది గీతల వైపు పోయాయి. వాళ్ళు దుర్మార్గులు కారు. ఏడురోజుల్లో ఆ శిబిరం వాళ్ళకు నేర్పిన చదువు అది.

ముందుగా ఒంటె తన మూత ఊడదీసింది. వసపిట్ట నోటికి పట్టబోతుంటే జట్టులో నర్సింగు చదివే కుర్రాడు ఆమె చేయి లాగేశాడు. "నోట్లో పొయ్యకు! స్పృహలో లేదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఒంటిమీద పొయ్యి!"

పొద్దుట్నుంచి పంటిబిగువున దాచిన నీళ్ళు ఆ పిల్ల గొంతులోకి ఒక్క చుక్కయినా పోయే దారి లేకపోయింది. ఎనిమిది సీసాలూ ఆమె బట్టల మీద గుమ్మరించారు. వేడిరాయి ఆ నీళ్ళను చూస్తుండగానే తాగేసింది. గుడారపు కర్రలకు చొక్కాలు తొడిగి డోలీలా చేసి, నాలుగు కిలోమీటర్లు మోసి జీపు దగ్గరకు చేర్చేసరికి వాళ్ళ తలప్రాణం తోకకొచ్చింది.

పట్నంలో పెద్దాసుపత్రి. రెండురోజులైనా వసపిట్టకు ఒక్క బొట్టు మూత్రం రాలేదు. మూత్రపిండాలు ఆగిపోయాయని, యంత్రంతో రక్తం శుభ్రం చేస్తున్నామని డాక్టరమ్మ చెప్పింది. కండక్టరు యూనిఫారం మీదే పరుగెత్తుకొచ్చాడు. వరండాలో ఒంటె పక్కన కూర్చుని అడిగాడు.

"అక్కడ నీళ్ళు లేవా తల్లీ?"

"ఉన్నాయి బాబాయ్. తన సీసా నిండా ఉన్నాయి."

ఆయనకు అర్థం కాలేదు. సీసా ఖాళీ అయి ఉంటే ఆ తండ్రికి ఎవరినో ఒకరిని తిట్టుకునే దారైనా దొరికేది. ఒంటె ఆయన కాళ్ళ దగ్గర కూలబడి, గుండీ సంగతంతా చెప్పి వెక్కివెక్కి ఏడ్చింది. ఆయన ఆమెను తిట్టలేదు, ఓదార్చనూలేదు. లేచి వెళ్ళి కిటికీ దగ్గర నిలబడ్డాడు.

మూడోరోజు వసపిట్ట కళ్ళు తెరిచింది. ఒంటెను గుర్తుపట్టింది. పగిలిన పెదాలు కదిపి మొదట అడిగిన మాట ఇది:

"నా సీసాలో... ఎంత మిగిలింది?"

డాక్టరమ్మ ఒంటెను బయటకు తీసుకొచ్చింది. ప్రాణానికి గండం గడిచిందని, మూత్రపిండాలు మళ్ళీ పనిచేస్తాయో లేదో నెల గడిస్తేగాని చెప్పలేనని అంది. వరండా చివర కెప్టెన్ నిలబడి ఉన్నాడు. మూడు రోజుల్లో పదేళ్ళు పైబడ్డట్టున్నాడు.

"పైఆఫీసువాళ్ళు శిబిరం మూసేశారమ్మా. ఈ ఏడు నడక లేదు, సీట్లూ లేవు. పట్టికలో నువ్వే మొదట ఉన్నావు. నీకెలా చెప్పాలో తెలియట్లేదు" అన్నాడు.

ఒంటె గోడ పట్టుకుంది.

"తప్పు నాది. ఆ నియమం రాసింది నేను" అని ఆయనే మళ్ళీ అందుకున్నాడు. "ప్రతి సాయంత్రం నీ సీసా ఎత్తి చూపించి చప్పట్లు కొట్టించాను. ఇరవై ఏళ్ళ పిల్ల ఎండలో రోజంతా నడిచి ఎందుకు నీళ్ళు తాగలేదో ఒక్కసారి కూడా అడగలేదు. అడిగుంటే చెప్పేదానివేనా?"

ఒంటె ఆలోచించింది. "మా అమ్మనీ ఎవరూ అడగలేదు సార్. నేను కూడా మెచ్చుకున్నానే తప్ప ఎందుకని అడగలేదు."

ఆ రాత్రి తల్లి వచ్చింది. షిఫ్టు అయ్యీ అవగానే బస్సెక్కి, మూడుగంటలు ప్రయాణం చేసి నేరుగా వచ్చింది. చేతిసంచిలో ఎప్పటి సీసా, ఎప్పట్లాగే నిండుగా. బిడ్డను కిందికీ మీదికీ తడిమి చూసి, ఒళ్ళు క్షేమమని నమ్మకం కుదిరాక బెంచీ మీద కూర్చుంది.

"సీటు లేదమ్మా. మొత్తం రద్దయిపోయింది" అంది కూతురు.

తల్లి కాసేపు చేతులు చూసుకుంది. "పోనీలే. నా చేతులింకా ఆడుతున్నాయిగా. ఇంకో రెండేళ్ళు లాగేస్తాలే."

మాట్లాడుతుంటే ఆమె పళ్ళకు ఏదో తగిలి చిన్న చప్పుడయింది. చిన్నప్పటి నుంచీ ఒంటె ఎరిగిన చప్పుడే. ఈసారి ఆమె దాన్ని విననట్టు వదల్లేదు. అరచేయి చాచి తల్లి నోటి ముందు పెట్టింది.

"ఉమ్మెయ్యమ్మా."

"ఏంటే?"

"ఉమ్మెయ్యి. నీ కాళ్ళు పట్టుకుంటా."

దొంగతిండి తింటూ దొరికిపోయిన పిల్లలా తల్లి తల దించుకుని, గుండీని కూతురి అరచేతిలో వదిలింది. నాలుగు చిల్లుల తెల్ల గుండీ, పన్నెండేళ్ళు నోట్లో నాని అంచులు అరిగిపోయింది. ఒంటె సీసా మూత తీసి ఇచ్చింది. తల్లి మొహమాటంగా ఒక గుక్క తాగింది. మరో గుక్క. ఆ తర్వాత ఆగలేకపోయింది. దాహమే వెయ్యదని చెప్పుకున్న ఆ మనిషి గటగటా సీసా మొత్తం తాగేసి, ఆయాసపడుతూ కళ్ళు తుడుచుకుంది.

కాసేపటికి ఇబ్బందిగా కదిలి, అటూఇటూ చూసి, గొంతు తగ్గించి అడిగింది. "ఇక్కడ... తాళంచెవి ఎవరినడగాలే?"

"ఎవర్నీ అడగక్కర్లేదమ్మా. తలుపుకి తాళం లేదు. తోసుకుని వెళ్ళడమే."

తల్లి నమ్మలేనట్టు చూసి లేచి వెళ్ళింది. తిరిగొచ్చాక లోపల గదిలో యంత్రం చేస్తున్న చప్పుడు వింటూ కూర్చుంది. ఆ మంచం మీద ఉన్న పిల్లకు గుండీ ఎక్కడ నుంచి వెళ్ళిందో కూతురు అప్పటికే చెప్పేసింది.

"రేపు అడుగుతాను" అంది చివరికి. "నా పేరు పలక మీద రాసుకుంటే రాసుకోనీ."

"నువ్వొక్కదానివీ కాదు" అంది ఒంటె. "నేనూ వస్తా, గేటు దగ్గర ఒక్కొక్కళ్ళకీ ఈ గుండీ చూపిస్తా. నూట ఇరవైమందీ ఒకేసారి అడగండి. అన్ని పేర్లకీ ఆ పలక చాలదు."

వాళ్ళకు సీటు పోయింది, ఒక స్నేహితురాలి ఆరోగ్యం పోయింది, తల్లి మూత్రపిండం ఒకటి ఎప్పుడో పోయింది. ఇంత పోగొట్టుకున్నాక వాళ్ళకు తెలిసింది మీకు ఊరికే చెబుతున్నాను. మీ ఇంట్లోగానీ, మీ కార్మికుల్లోగానీ, మీ విద్యార్థుల్లోగానీ ఎవరైనా నోరెత్తకుండా ఓర్చుకుంటుంటే, చప్పట్లు కొట్టే ముందు వాళ్ళు అడగలేకపోతున్నదేమిటో మీరే ముందుగా అడగండి.