తెడ్డు పట్టిన మరదలు

ఆమెను అందరూ పళ్ల మేడమ్ అంటారు. కట్టుడు పళ్లు తయారుచేసే ల్యాబు ఆమెది. మైనపు అచ్చులు, ప్లాస్టర్ దవడలు, గులాబీ రంగు చిగుళ్లు బల్ల నిండా పరుచుకుని పొద్దస్తమానం రాపిడి మిషన్ ముందు కూర్చుంటుంది. ఎవరు ఎదురుపడినా ముందు పళ్లు చూస్తుంది, తర్వాతే మనిషిని. చాలామంది విషయంలో మనిషిదాకా వెళ్లాల్సిన అవసరం ఆమెకు కనిపించదు.

అక్క మొగుడి విషయంలో మొదటిరోజే తేలిపోయింది. ఆయన పకపకా నవ్వాడు. పై వరసలో ఎడమపక్కన ఎవడో చేతకానివాడు కట్టిన పళ్ల బ్రిడ్జి, పక్క పళ్లకన్నా తెల్లగా, సున్నం కొట్టినట్టు కనిపించింది. కట్టినవాడికి సిగ్గులేదు సరే, కట్టించుకున్నవాడింట్లో అద్దం లేదా?

యాభై దాటాక అక్క పెళ్లి చేసుకుంటానంటే ఆమె కాదనలేదు. "నీ ఇష్టం" అంది. ఆ రెండు మాటల్లో పట్టినంత వెటకారం పట్టించింది. అన్నేళ్లూ అక్కాచెల్లెళ్లు ఒకే ఇంట్లో ఉన్నారు. వంట అక్క చేసేది, వంకలు చెల్లెలు పెట్టేది. అలా సాఫీగా సాగిపోతున్న కాపురంలోకి అపార్టుమెంటు లిఫ్టు బాగుచేయడానికి ఈ మెకానిక్కు వచ్చాడు. బాగుచేసిన లిఫ్టే మళ్లీ మళ్లీ ఎందుకు చెడిపోతోందో ఆమె బుర్రకు తట్టేసరికి అక్క పెట్టె సర్దుకుంది.

ఇప్పుడాయనకు కొత్త పిచ్చి పట్టింది. సర్ఫింగు బోర్డులాంటి పొడుగాటి బోర్డెక్కి, దాని మీద నిలబడి, తెడ్డు వేసుకుంటూ సరస్సులో తిరగడం. ఊరికే తిరిగితే తిరిగాడు, ఒకరోజు ఫోను చేశాడు.

"మరదలా, ఆదివారం నువ్వూ మాతో రావాలి. నీళ్ల మీద నిలబడదాం."

"ఎందుకూ? ఒడ్డు మీద చోటు లేదా?"

ఆయన పడీపడీ నవ్వాడు. ఆమె నవ్వించడానికి అనలేదు. అయినా వస్తానంది. అక్క ఎంతకు దిగజారిందో కళ్లారా చూసి, మర్నాడు ల్యాబులో పనిచేసే పిల్లలకు కథలు కథలుగా చెప్పాలని ఆమె ఆశ.

సరస్సు ఒడ్డున ఒక రేకుల షెడ్డు, దాని గోడకు చేరేసిన బోర్డులు, దండెం మీద ఆరీ ఆరని లైఫ్ జాకెట్లు. ఆమెకిచ్చిన జాకెట్టు ఎవరి చెమటో తాగి ముక్క వాసన వేస్తోంది. బావగారు నిక్కరు, గడ్డి టోపీ వేసుకుని తయారయ్యాడు. ఆ మోకాళ్లు లోకానికి చూపించాల్సినవేం కావని ఆమె అనుకుంది.

"ముందు మోకాళ్ల మీద కూర్చో. కుదురు దొరికాక ఒక్కో కాలు లేపు. కిందికి మాత్రం చూడకు మరదలా, నీళ్లను చూస్తే నీళ్లలోకే పోతావు. నీ ల్యాబులో పళ్లు ఉంటాయి కానీ తినడానికి పనికిరావు చూశావా, అలాగే ఈ నీళ్లు కూడా తాగడానికి పనికిరావు."

దానికీ దీనికీ ఏమిటి సంబంధం? అక్కవైపు చూసింది. అక్క ఆ మాట విన్నట్టే లేదు. చీలమండకు బోర్డు తాడు కట్టుకుని, బోర్డును నీళ్లలోకి తోసి, మోకాలు ఆన్చి, లేచి నిలబడింది. అంతే, వెళ్లిపోయింది. వానాకాలంలో రోడ్డు మీద మడుగు కనబడితే చెల్లెలి చెయ్యి పట్టుకుని దాటే మనిషి, నీళ్ల మీద నిటారుగా నిలబడి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయింది.

"ఈ వయసులో కోతివేషాలు" అనుకుంది పళ్ల మేడమ్. తనూ చీలమండకు తాడు కట్టుకుంది.

తన వంతు వచ్చింది. మోకాళ్ల మీద కూర్చున్నంతవరకు బాగానే ఉంది. ఒక కాలు లేపేసరికి బోర్డు పక్కకు జారింది, ఆమె ఇంకో పక్కకు పోయింది. ముక్కులోకి నీళ్లు పోయాయి. మళ్లీ ఎక్కింది, మళ్లీ పడింది. పడ్డప్పుడల్లా బావగారు "శభాష్!" అన్నాడు. పడినందుకు శభాష్ ఏమిటి, మనిషి మతి ఉండే మాట్లాడుతున్నాడా? ఇక లేవడం మానేసి, మోకాళ్ల మీదే ఉండి, పంతంకొద్దీ తెడ్డు వేసింది. ఎటు పోతోందో చూసుకోలేదు. గాలి ఆమెను మెల్లగా తోసుకెళ్లి అవతలి రెల్లు పొదల్లో ఇరికించింది.

బావగారు వెంటనే వచ్చాడు. "ఆ తాడు ఇటివ్వు. ఒడ్డుదాకా లాక్కుపోతాను."

"అక్కర్లేదు. నేనిక్కడ బాగానే ఉన్నాను."

"రెల్లులో ఏం చేస్తావు మరదలా?"

"చల్లగా ఉంది. మీరు వెళ్లండి."

ఆయన టోపీ వెనక్కి నెట్టి కాసేపు చూసి వెళ్లాడు. తర్వాత అక్క వచ్చింది.

"ఇక చాలు, పద."

"అప్పుడే? ఇంకా నవ్వుకోండి మొగుడూ పెళ్లాలు."

"ఎవరూ నవ్వట్లేదే."

"ఆయన నోరు మూసిందెప్పుడు? ఒక్కమాట చెప్పక్కా. ఏం చూసి కట్టుకున్నావు ఆ మనిషిని? ఆ జోకులు పొద్దున్నుంచి రాత్రిదాకా ఎలా వింటున్నావు?"

అక్క తెడ్డును రెల్లులో ఆనించి నిలబడింది. "ఆయన జోకులు నాకూ నచ్చవు. చాలావాటికి నవ్వను కూడా. కానీ వాటిలో ఒక్కటీ నా మీద ఉండదు."

చెల్లెలు పక్కనున్న రెల్లు ఆకు ఒకటి తుంచింది.

"కూర ఉప్పగా ఉందని నవ్వావు. చీర కర్టెనులా ఉందని నవ్వావు. ఫోను మాట్లాడితే నా గొంతును అనుకరించి నవ్వావు. సరదాకే అంటున్నావని సర్దుకుపోయాను. నీ నవ్వు వినబడని చోటు ఈ సరస్సొక్కటే. అందుకే నిన్ను పిలవొద్దని ఆయన కాళ్లావేళ్లా పడ్డాను. వింటేనా? 'పాపం, ఒక్కతే ఉంటుంది, ఆదివారం పూట ఏం తోస్తుంది' అని ఒకటే గోల."

పాపం! ఆ పళ్లున్న మనిషి తన మీద జాలిపడటం. ఆమె ఒళ్లంతా భగ్గుమంది. అక్క బోర్డు తిప్పుకుని వెళ్లిపోయింది.

ఆ కోపంలోనే ఆమె లేచింది. ఎలా లేచిందో ఆమెకే తెలియదు. అరికాళ్లు బోర్డును పట్టుకుపోయాయి. తెడ్డుతో రెల్లును ఒక్క పోటు పొడిచింది, బోర్డు బయటికొచ్చింది. పడిపోతే వీళ్లు మళ్లీ వస్తారు, మళ్లీ జాలిపడతారు. పడటానికి వీల్లేదు. దూరంగా షెడ్డు రేకుల మీద చూపు నిలిపి, పళ్లు బిగబట్టి తెడ్డు వేసింది. కొంతసేపటికి కాళ్ల కింద నీళ్లు అటూ ఇటూ ఊగుతున్నా తను ఊగడం లేదని గమనించింది. అది ఆమెకు ఎంత నచ్చిందంటే, ఆ నచ్చడం మీద కూడా చిరాకు వేసింది.

ఒడ్డు దగ్గర బోర్డు ఇసుకకు తగిలి ఆగింది, ఆమె బోర్లా పడింది. బావగారు పరిగెత్తుకొచ్చి తువ్వాలు ఇచ్చాడు. జోకు వేయలేదు. అక్క షెడ్డులో జుట్టు పిండుకుంటూ ఇటు తిరగలేదు.

మర్నాడు ల్యాబులో పిల్లలు కథ చెప్పమని చుట్టూ చేరారు. "ఏముంది, చెక్కముక్క మీద నిలబడటం" అని పనిలో పడింది. శుక్రవారంనాడు తనే అక్కకు ఫోను చేసింది.

"ఆదివారం నేను రాను. మీరిద్దరూ వెళ్లండి."

"కోపమా?" అంది అక్క.

"కోపమేమిటి? నాకది నచ్చలేదు. ఒట్టి పనిలేనివాళ్ల పని. ఇక ఎప్పుడూ రాను, మీ ఆయన్ని కూడా పిలవొద్దను."

"సరే" అంది అక్క. ఆగి, "బాగానే నిలబడ్డావే ఆరోజు" అంది.

"చూశావా?"

"చూశాను."

తర్వాతి బుధవారం మధ్యాహ్నం ల్యాబు పిల్లలకు అప్పజెప్పి ఆమె ఒక్కతే సరస్సుకు వెళ్లింది. షెడ్డులో బోర్డులు అద్దెకిచ్చే మనిషి లైఫ్ జాకెట్టు అందిస్తూ, "కొత్తా అండీ?" అని అడిగాడు.

"నా మొహం చూస్తే అలా ఉందా?" అని కసిరి, బోర్డు నీళ్లలోకి తోసుకుంది. ఎక్కుతూనే పడింది. చుట్టూ చూసింది. ఎవరూ నవ్వలేదు. షెడ్డు మనిషి తన పనిలో తానున్నాడు. మళ్లీ ఎక్కింది.