ప్రమీల నింపించిన ట్యాంకు

శుక్రవారం పొద్దున ఐదున్నరకు కారు మళ్ళీ మేలుకుంది.

తిరుమల్ వంటింటి కిటికీ దగ్గర చాయ్ గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆ కిటికీ సందులోంచే ఛార్జింగ్ వైరు బయటికి పోయి, గోడ పక్కన పెట్టిన తెల్ల కారుకు తగులుకుని ఉంటుంది. ముందు లోపలెక్కడో టిక్కుమని చిన్న చప్పుడైంది. తర్వాత ఫ్యాను మొదలైంది. ఆ తర్వాత ఏసీ కంప్రెసర్ సన్నగా మూలగసాగింది. కార్లో ఎవరూ లేరు. పావుగంట సేపు అలా తిరిగి, ఇక ఎవరూ రారని తెలిసినట్టు ఆగిపోయింది.

బడి రోజుల్లో అలా జరిగితే అతనికి భయం ఉండదు. ఈ గల్ఫ్ దేశంలో బడి ఉండే ఆదివారం నుంచి గురువారం దాకా, తను బయల్దేరే వేళకు కారు చల్లబడి ఉండాలని ప్రమీలే టైమర్ పెట్టుకుంది. ఆమె స్కూల్లో బయాలజీ టీచరు. ఆమె పోయి పదకొండు నెలలైనా కారు రోజూ ఆమెను బడికి తీసుకుపోవడానికి తయారవుతూనే ఉంది. ఆ టైమర్ తీసేయడానికి తిరుమల్‌కు చేతులు రాలేదు.

కానీ శుక్రవారం బడి లేదు. శుక్రవారం ప్రమీల ఎనిమిదింటిదాకా మంచం దిగేదే కాదు. మరి ఈ చల్లగాలి ఎవరికోసం?

"భాయ్‌సాబ్," గోడ అవతలి నుంచి ఫర్హా పిలిచింది. హైదరాబాదామె. ఒకే విల్లాను రెండు ముక్కలు చేసిన ఇంట్లో రెండో ముక్క వాళ్ళది. "మళ్ళా చాలూ అయ్యింది మీ కారు. మా పిల్లలు దాని పక్కనుంచి పోతలేరు. లోపల ఆంటీ కూసున్నదంటున్రు."

"టైమర్ అమ్మా, గంతే."

"శుక్రవారం గూడనా?"

తిరుమల్ గ్లాసులో మిగిలిన చాయ్ పారబోశాడు. ఫర్హా మళ్ళీ అడగలేదు. ఒక మూత పెట్టిన గిన్నె గోడమీద పెట్టి వెళ్ళిపోయింది. తెరిచి చూస్తే వేడి వేడి ఖిచ్డీ. అడగాల్సిన ప్రశ్నను మధ్యలో ఆపేసి, బదులుగా అన్నం పెట్టే మనుషులు ఉండటం ఎంత అదృష్టమో అనుకున్నాడు.

అతను ఏసీల ఇంజనీరు. పెద్ద పెద్ద భవనాలకు చల్లగాలి పంచడం అతని డ్యూటీ. ఎవరో చెప్పకుండా ఏ ఫ్యానూ తిరగదని అతనికి తెలుసు. కారు తెరమీద నాలుగు చోట్ల వేలు పెడితే కారణం దొరుకుతుందేమో. పెట్టలేదు. దొరికితే ఏమవుతుందో, దొరక్కపోతే ఏమవుతుందో, రెండూ భయమే.

ఎందుకంటే అది మొదటిసారి అలా మేలుకున్నది ఆమె చనిపోయిన శుక్రవారమే. నవంబరు మొదట్లో, గురువారం సాయంత్రం, ప్రమీల చపాతీలు చేస్తూ తల పట్టుకుని కింద కూర్చుండిపోయింది. అంబులెన్స్ వచ్చింది. తెల్లవారుతుండగా ఆమె పాస్‌పోర్టు తెమ్మని ఆస్పత్రివాళ్ళంటే తిరుమల్ టాక్సీలో ఐన్ ఖాలిద్‌లోని ఇంటికి వచ్చాడు. గేటు తీసేసరికి కారు నడుస్తోంది. అద్దాలన్నీ చల్లబడి బయటివైపు తేమ పట్టి ఉన్నాయి. లోపల ఏముందో కనబడలేదు. "ప్రమీలా," అని పిలిచాడు. పిలిచాక గానీ తను పిలిచిన సంగతి తనకు తెలియలేదు. అప్పుడే ఫోను మోగింది.

ఆ కారు కొనిపించింది ఆమే. బ్యాటరీ మీదా నడుస్తుంది, పెట్రోలు మీదా నడుస్తుంది. గోడకున్న ప్లగ్గు నుంచి ఛార్జింగ్ పెట్టుకుంటే యాభై కిలోమీటర్లు చప్పుడు లేకుండా పోతుంది. ఎండాకాలం ఏసీ వేస్తే ముప్పై ఐదే. అది అయిపోయినా, పెడలు గట్టిగా తొక్కినా ఇంజన్ అందుకుంటుంది. ప్రమీల అందుకోనిచ్చేది కాదు. పిల్లి అడుగులు వేసినట్టు నడిపేది. బ్రేకు వేయాల్సిన చోటుకు చాలా ముందే కాలు తీసేసి, కారు తన బరువుతో తానే నెమ్మదించి ఆ వేగాన్ని తిరిగి బ్యాటరీలో పోసుకుంటుంటే తెర చూసి మురిసిపోయేది. సాయంత్రం ఇంటికి రాగానే మొదటి మాట, "ఇయ్యాల గూడ ముసలాయన్ని లేపలే." ముసలాయనంటే ఇంజన్.

ఇక అతను ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. అలా కూలబడడానికి ముందు రోజు, బుధవారం సాయంత్రం, ప్రమీల బంకుకు పోయి ట్యాంకు నింపించుకొచ్చింది. పెట్రోలు ముల్లు ఆ రోజు నుంచి కదల్లేదు. తిరుమల్ కదలనివ్వలేదు. ఆఫీసు పద్నాలుగు కిలోమీటర్లు. పోను, రాను బ్యాటరీ సరిపోతుంది. అల్ వక్రాలో దోస్తు ఇంటికి పోవాలంటే మెట్రో ఎక్కేవాడు. సాయంత్రం కారు తాళం వేసేముందు ముల్లు వైపు ఒక్కసారి చూసుకునేవాడు. నిండుగా ఉండేది. ఆమె చేతిమీదుగా వచ్చినవాటిలో ఇంకా ఖర్చు కానిది అదొక్కటే. ఆమె పెట్టిన పచ్చడి కూడా మార్చిలోనే అయిపోయింది.

ఆదివారం ఆఫీసుకు పోతుంటే సల్వా రోడ్డు మీద, సిగ్నల్ దగ్గర, ముసలాయన లేచాడు.

పెడలు తొక్కలేదు. బ్యాటరీ నిండా ఉంది. అయినా ముందు నుంచి ఒక గొంతు సవరించుకున్నట్టయి, స్టీరింగు సన్నగా వణికింది. తెరమీద అక్షరాలు వచ్చాయి: పాత ఇంధనాన్ని ఖర్చు చేయడానికి ఇంజన్ నడుస్తోంది. తిరుమల్ కారు పక్కకు తీసి ఆపాడు. మళ్ళీ స్టార్ట్ చేశాడు. మళ్ళీ అదే గొంతు. ఆఫీసుకు ఫోన్ చేసి సెలవు చెప్పి, అందరూ సనాయియా అనే ఇండస్ట్రియల్ ఏరియాకు తిప్పాడు. దారి పొడుగునా ముల్లు వైపే చూశాడు.

అక్కడి మెకానిక్ ఇక్రాముద్దీన్‌ది బోధన్. తిరుమల్‌ది మెట్‌పల్లి. ఈ రకం కార్లు బాగుచేయడంలో ఇక్రాముద్దీన్ చేయి తిరిగిన మనిషి. షెడ్డు ముందు పళ్ళపుల్ల నములుతూ నిలబడి ఉన్నాడు.

"అరే తిరుమలన్నా! పొద్దుగాల్నే ఇటొచ్చినవ్? డ్యూటీ లేదా?"

"ఇంజన్ దానంతల అదే స్టార్ట్ అయితున్నది, ఇక్రాం భాయ్. బంద్ చెయ్యాలె."

"స్టార్ట్ అయితలేదని వస్తరు అందరు. అయితున్నదని ఏడ్చుకుంట వచ్చినోణ్ణి నిన్నే సూసిన." కారుకు మిషను తగిలించి అంకెలు చూశాడు. నవ్వు ఆగింది. "పెట్రోల్ ఎప్పుడు పోయించినవ్?"

"పోయిన నవంబర్ల."

"యా అల్లా! ఇది పెట్రోల్ గాదన్నా, ఆవకాయ. ఇంకో నెల ఆగితే అన్నంల కలుపుకోవచ్చు."

తిరుమల్ నవ్వలేదు. ఇక్రాముద్దీన్ పళ్ళపుల్ల పారేశాడు. మెల్లగా చెప్పాడు. ఈ కార్ల ట్యాంకు ఊపిరి బిగబట్టుకున్నట్టు మూసుకుని ఉంటుందట. ఇంజన్ నడవదు కాబట్టి లోపలి ఆవిరికి పోయే దారి లేదు. మూత మీట నొక్కితే ముందు ఆ ఊపిరి వదిలి, అప్పుడు తెరుచుకుంటుంది. అయినా ఏడాది నిలవుంటే పెట్రోలు చెడి ఇంజన్ లోపల జిగురు కడుతుంది. అందుకని తయారుచేసినవాళ్ళే ముందుచూపుతో, గడువు దగ్గరపడితే ఎవరేమన్నా అది దాన్ని కాల్చేసుకునేలా పెట్టారు.

"దాని ఫ్యూజు తీసెయ్."

"తీస్తే కారే లేవదు. కరెంటుదానికి, పెట్రోల్‌దానికి మెదడు ఒక్కటే."

"అయితే పెట్రోల్ క్యాన్లల్ల తీసి నాకియ్యి. ఇంట్ల పెట్టుకుంట."

"ఈ ఎండలకు? ఇంట్ల నలభై లీటర్లా? మాఫీ అన్నా, మాఫీ. గది నేను చెయ్య." ఇక్రాముద్దీన్ అతని ముఖంలోకి చూశాడు. "ఎవరు పోయించిన్రు?"

తిరుమల్ కింద పడ్డ నట్టు ఒకటి తీసి చేతిలో తిప్పాడు.

"భాభీనా?"

తల ఊపాడు.

ఇక్రాముద్దీన్ చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. అతని కూతురు మరీహా ప్రమీల దగ్గరే చదువుకుంది. తర్వాత డ్రైవర్ సీట్లో కూర్చుని తెరమీద వేలు ఆడించసాగాడు. "వారం దాకా ఆపుత. అంతకంటె నాతోని గాదు. ఈ లోపల సోంచాయించుకో." వేలు ఆగింది. "అన్నా, దీంట్ల రెండు టైమర్లు ఉన్నయి. ఒకటి బడిది. ఇంకోటి శుక్రవారం ఐదున్నరది. ఎవరు పెట్టిన్రు?"

తిరుమల్ తెరమీదికి వంగాడు. "ఎప్పుడు పెట్టింది, సూపిస్తదా?"

"గది సూపియ్యది. కని నావిగేషన్‌ల ఆఖరు ఎతికిన జాగ ఉన్నది, తారీఖుతోని. నవంబర్, బుధవారం. అల్ తఖీరా."

షెడ్డులో ఎవరో రేకు కొడుతున్నారు. ఆ చప్పుడు తిరుమల్‌కు దూరంగా వినిపించింది.

బుధవారం సాయంత్రం. బంకు నుంచి వచ్చి చెప్పులు విడుస్తూ, "ఫుల్ చేయించిన. శుక్రవారం పొద్దుగాల మాట్లాడకుంట కార్ల కూసోవాలె," అంది. ఎక్కడికని అడిగితే చెప్పనంది. అతను లాప్‌టాప్ లోంచి తల ఎత్తకుండా సరేనన్నాడు. అల్ తఖీరాలో ఉప్పునీళ్ళలో పెరిగే మడచెట్లు ఉన్నాయని, పిల్లలకు పుస్తకంలో బొమ్మ చూపించడమే తప్ప తను ఎప్పుడూ తాకలేదని ఆమె ఎన్నిసార్లో చెప్పింది. ఎండలు తగ్గనీ అని అతను రెండేళ్ళు వాయిదా వేశాడు. పోను, రాను నూట నలభై. అంత దూరం బ్యాటరీతో కాదు. అందుకే ముసలాయన్ని లేపడానికి ఆమే ఒప్పుకుంది.

కారులో ఎవరూ కూర్చుని లేరు. ఆమె రమ్మని పిలిచిన పిలుపు వారం వారం వస్తూనే ఉంది. అతను కిటికీలో నిలబడి చాయ్ తాగుతూ భయపడ్డాడు.

"భాయ్," అన్నాడు చివరికి. "ఈ పెట్రోల్ ఒక్కసారికే అయిపోతదా?"

"అయిపోదు. ఆరేడు లీటర్లు తాగుతదేమో. మెల్లమెల్లగ తిప్పు. పావు ట్యాంకు కాడికి వచ్చినంక కొత్తది పోయించు." ఇక్రాముద్దీన్ అతని భుజం మీద చెయ్యేశాడు. "పారబొయ్యకుంట ఖర్చు చెయ్యన్నా. గంతే ఫరక్."

శుక్రవారం ఐదుంబావుకే తిరుమల్ వైరు తీయకుండా వెళ్ళి కార్లో కూర్చున్నాడు. చీకటి పలచబడుతోంది. ఐదున్నరకు టిక్కుమంది. ఫ్యాను తిరిగింది. చల్లగాలి ఛాతీకి తగిలింది. పదకొండు నెలలుగా బయటి నుంచి విన్న ఆ మూలుగు లోపల నుంచి వింటే మూలుగులా లేదు. ఎవరో పక్క గదిలో పనిచేసుకుంటున్నట్టుంది. పక్క సీటు వైపు చూడటానికి ధైర్యం చాల్లేదు. చూశాడు. సీటు ఖాళీగానే ఉంది. గాలి మాత్రం అటువైపు కూడా వీస్తోంది. ఆమె రెండు వైపులా పెట్టింది.

వైరు తీసి బయల్దేరాడు. ఊరు దాటేదాకా కారు చప్పుడు చేయలేదు. అల్ ఖోర్ రోడ్డు ఎక్కాక ముందొక నీళ్ళ ట్యాంకర్ నింపాదిగా పోతోంది. దాటాలంటే తొక్కాలి. తొక్కాడు.

ముందు మోటారు లాగింది. అరక్షణంలో ఇంజన్ దాని చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ కలిసి ఎత్తినట్టు కారు వెన్ను నిటారుగా చేసుకుని ముందుకు దూసుకుపోయింది. ట్యాంకర్ అద్దంలో చిన్నదైపోయింది. ఈ కారులో ఇంత బలం ఉందని అతనికి ఇన్నాళ్ళూ తెలియదు. ఒకదాన్ని నిద్రపుచ్చి ఇంకోదానితోనే నెట్టుకొచ్చాడు. "ముసలాయన లేచిండు ప్రమీలా," అన్నాడు పైకే. జవాబు రాలేదు. రాకపోయినా పైకి అన్నందుకు సిగ్గనిపించలేదు.

అల్ తఖీరాలో నీళ్ళు వెనక్కి తగ్గి ఉన్నాయి. బురదలోంచి వేల పుల్లలు పైకి పొడుచుకొచ్చి ఉన్నాయి. అవి చెట్ల వేళ్ళేనని, గాలి కోసం తలెత్తుతాయని ఆమె చెప్పింది. బూట్లు చేత పట్టుకుని చీలమండల దాకా దిగాడు. ఒక ఆకు పట్టుకుని వెనకవైపు నాలుకతో తాకాడు. ఉప్పు. మింగిన నీళ్ళతో పాటు వచ్చే ఉప్పును చెట్టు ఇలా బయటికి పంపేస్తుందట. ప్రమీల పిల్లలకు పదేళ్ళు ఇదే పాఠం చెప్పింది. రుచి మాత్రం చూడలేదు. ఆమెకోసం ఇంకో ఆకు కూడా నాకాడు. అక్కడే నిలబడి కాసేపు ఏడ్చాడు. చూడటానికి తెల్ల కొంగ ఒక్కటే ఉంది. అది కూడా మర్యాదగా అటు తిరిగింది.

తిరిగి వచ్చి కార్లో కూర్చుని ముల్లు చూశాడు. నిండు గీతకు వెంట్రుక వాసి కిందికి దిగింది. గుండె ఒక్కసారి కలుక్కుమంది గానీ ఆగిపోలేదు.

తెరమీద టైమర్ల పేజీ తెరిచాడు. బడిది ఎంచుకుని, తీసెయ్యి అన్నచోట వేలు పెట్టాడు. ఇక ఆమె పొద్దున్నే లేవక్కర్లేదు. శుక్రవారానిది ఉంచాడు.

దిగి వచ్చి బానెట్ మీద చెయ్యి వేశాడు. లోపల ఇనుము చల్లారుతూ టిక్, టిక్ మంటోంది. పదకొండు నెలలు ఎండకే తప్ప కాగని ఆ రేకు కింద ఇంజన్ వేడి మొదటిసారి అతని చేతికి తగిలింది. ఆ వేడి తగ్గేదాకా చెయ్యి తీయలేదు.